పాలమూరు క్రికెట్ చేతికి బేస్‌బాల్ గేమ్: ఏ మోడ్‌తో మొదలుపెట్టాలి, గేమ్ బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి

మహబూబ్‌నగర్‌లోనో నల్గొండలోనో గంటకింత అని డబ్బు తీసుకునే గేమింగ్ సెంటర్‌కు వెళ్తే ఫుట్‌బాల్, రెజ్లింగ్, కార్ రేసులు, క్రికెట్ దొరుకుతాయి. బేస్‌బాల్ పెట్టమంటే కౌంటర్‌లో కుర్రాడు తలెత్తి ఒకసారి మన మొహం చూస్తాడు. అందుకే మన జిల్లాల్లో ఈ ఆట మొదలుపెట్టేవాళ్లు ఇంట్లోనే, పక్కన చెప్పేవాళ్లు లేకుండానే మొదలుపెడతారు. గేమ్ తెరిస్తే మెనూ నిండా మోడ్‌లు. ఏదో ఒకటి నొక్కి, వచ్చిన ప్రతి బంతికీ బ్యాట్ ఊపి, అరగంటలో చిత్తుగా ఓడి, మళ్లీ దాని జోలికి పోరు. ఆ మొదటి వారం గట్టెక్కితే చాలు, తర్వాత ఆటే పట్టుకుంటుంది. ఏ మోడ్ ముందు, ఏది తర్వాత, దేని మీద డబ్బు పెట్టొచ్చు, దేని మీద పెట్టకూడదు అన్నది వరుసగా చెప్తాను.

మొదటి అడుగు: మీ దగ్గరున్న మెషిన్‌కు ఏ గేమ్ వస్తుంది

అసలైన అమెరికా లీగ్ జట్లు, ఆటగాళ్లు, స్టేడియాలతో సీరియస్‌గా ఆడే గేమ్ కావాలంటే పేరు ఒక్కటే: ఎంఎల్‌బీ ది షో (ఎంఎల్‌బీ అంటే ఆ లీగే, మేజర్ లీగ్ బేస్‌బాల్). సోనీకి చెందిన శాన్ డియాగో స్టూడియో 2006 నుంచి దీన్ని ఏటా ఒకటి చొప్పున తెస్తోంది. చాలా ఏళ్లు ప్లేస్టేషన్ దాటి బయటికి రాలేదు. 2021లో ఎక్స్‌బాక్స్‌కు, 2022లో నింటెండో స్విచ్‌కు వచ్చింది. 2025 ఎడిషన్‌తో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్‌లను పక్కన పెట్టేశారు. హైదరాబాద్ వెళ్లి సెకండ్‌హ్యాండ్ ప్లేస్టేషన్ 4 కొని తెచ్చుకున్నవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. వాళ్లకు చివరి ఎడిషన్ ది షో 24. దానివల్ల పెద్దగా పోయేదేమీ లేదు, ఎందుకో చివర్లో చెప్తాను.

ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్నవాళ్లు ది షో కోసం వెతికి లాభం లేదు, అది కంప్యూటర్‌కు రాదు. వాళ్లకు 2023లో వచ్చిన సూపర్ మెగా బేస్‌బాల్ 4 మంచిది. పెద్ద తలలు, బొద్దు శరీరాలతో కార్టూన్ బొమ్మల్లా ఉంటారు ఆటగాళ్లు. చూడగానే చిన్నపిల్లల గేమ్ అనిపిస్తుంది. ఆడితే తెలుస్తుంది దాని సత్తా. కష్టాన్ని ఈగో అనే పేరుతో 0 నుంచి 99 దాకా ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే అనుకూలమైన ఏర్పాటు ది షోలో కూడా లేదు. బ్యాట్ పట్టే పనే వద్దు, జట్టు నడిపితే చాలు అనుకునేవాళ్లకు అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ ఉంది. అందులో అన్నీ పట్టికలూ అంకెలే. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు తెల్లవార్లూ దాంట్లోనే ఉండిపోతారు.

పాత ఎడిషన్ చవగ్గా దొరికిందని కొనేముందు ఒక సంగతి చూసుకోండి. ది షో పాత ఎడిషన్ల సర్వర్లను కొంతకాలం తర్వాత మూసేస్తారు. మూసేశాక ఆన్‌లైన్ ఆటతోపాటు కార్డులతో జట్టు కట్టే డైమండ్ డైనస్టీ మోడ్ కూడా పోతుంది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌తో ఆడే ఫ్రాంచైజ్ లాంటివి నడుస్తాయి. మీకు కావాల్సింది అదే అయితే పాత డిస్క్ బంగారం.

రెండో అడుగు: టీవీ సర్దుకోవడం

ఇది దాటేసి ముందుకు పోతే తర్వాత చెప్పేదంతా దండగ. గంటకు 95 మైళ్ల, అంటే సుమారు 153 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి పిచర్ (మన బౌలర్ లాంటివాడు) చేయి వదిలాక బ్యాటర్ ముందుండే ప్లేట్ దగ్గరికి రావడానికి పట్టేది దాదాపు 0.4 సెకను. గేమ్‌లో కూడా వ్యవధి ఆ తరహాలోనే ఉంటుంది. మన ఇళ్లలో టీవీలు సినిమాలకు సెట్ చేసి ఉంటాయి. బొమ్మను నునుపు చేయడానికి టీవీ తీసుకునే ఆ కాసింత సమయంలో బంతి బ్యాటర్ వెనక ఉండే క్యాచర్ గ్లోవ్‌లో పడిపోతుంది. ఎంత ప్రాక్టీస్ చేసినా ‘ఆలస్యం’ అనే వస్తుంటే తప్పు మీ చేతిది కాకపోవచ్చు. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి గేమ్ మోడ్ ఆన్ చేయండి, మోషన్ స్మూత్‌నెస్ లాంటివన్నీ ఆపేయండి.

తర్వాత గేమ్ సెట్టింగ్స్‌లో బ్యాటింగ్ కెమెరాను స్ట్రైక్ జోన్‌కు మార్చండి. టీవీలో మ్యాచ్ చూసినట్టుండే కెమెరా అందంగానే ఉంటుంది, కానీ బంతి చిన్న చుక్కలా కనిపిస్తుంది.

ఇంకొకటి కరెంటు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. గేమ్ సేవ్ అవుతున్నప్పుడే పోతే ఆ ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది. టీవీ, కన్సోల్ ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే సరే. లేదంటే రెండు సేవ్ ఫైళ్లు పెట్టుకుని మార్చి మార్చి సేవ్ చేసుకోండి.

మూడో అడుగు: వదిలేయడం నేర్చుకోవడం

క్రికెట్ తెలిసినవాళ్లకు రూల్స్ గంటలోపు పని. మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ బ్యాటింగ్ చేస్తాయి, మూడు అవుట్లు పడగానే చేతులు మారతాయి. బంతి నేల తగలకుండా వస్తుంది. ఫెయిర్ బంతి (మైదానం గీతల లోపల పడేది) కొట్టాక పరుగు తీయాలా వద్దా అని ఆలోచించే వీల్లేదు, తీయాల్సిందే. 

అసలు సంగతంతా స్ట్రైక్ జోన్‌లో ఉంది. హోమ్ ప్లేట్ మీద, బ్యాటర్ మోకాళ్ల దగ్గర్నుంచి ఛాతీ దాకా ఒక పెట్టె ఉందనుకోండి. బంతి అందులోంచి పోతే, మీరు కదలకపోయినా స్ట్రైకే. మూడు స్ట్రైకులకు అవుట్. పెట్టె బయట పోయిన బంతిని మీరు ముట్టుకోకపోతే అది బాల్. నాలుగు బాల్స్ వస్తే నడుచుకుంటూ మొదటి బేస్‌కు, అంటే పరుగెత్తేవాడు ఆగే మొదటి మజిలీకి, వెళ్లిపోవచ్చు. బయటి బంతికి బ్యాట్ ఊపి తప్పారో, స్ట్రైక్ మీ ఖాతాలోకే.

చిర్రగోనెలో చిర్ర గాల్లోకి లేచిందంటే కొట్టాల్సిందే. మన చేతికి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు అది, ఆ తర్వాత టీ20లు చూసి అది ఇంకా ముదిరింది. ఈ గేమ్‌లో మనవాళ్లు ఓడేది అక్కడే. మా చిన్నాయన కొడుకు జడ్చర్ల నుంచి వచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని, "గింత మంచి బాల్ ఇడిసిపెడ్తవేందన్నా?" అని విసుక్కుంటాడు. వాడి చేతికి కంట్రోలర్ ఇస్తే మూడు బంతుల్లో అవుటై నాకే తిరిగి ఇస్తాడు.

ఒక బ్యాటర్ వంతు దగ్గరగా చూద్దాం. మొదటి బంతి ఫాస్ట్‌బాల్, బయటి అంచు మీద పడింది. వదిలేశారు, స్ట్రైక్. పర్లేదు, అది కొట్టినా చేతికి క్యాచే. రెండోది స్లైడర్. పెట్టె మధ్యలోకి వస్తున్నట్టే వచ్చి చివర్లో కిందికి, బయటికి జారుతుంది. వదిలేశారు, బాల్. మూడోది ఛేంజప్, అంటే మన బౌలర్లు వేసే స్లో బాల్. తొందరపడి ఊపారు, అంచుకు తగిలి పక్కకు పోయింది, ఫౌల్, రెండో స్ట్రైక్. ఇప్పుడు పిచర్‌కు తెలుసు మీరు కంగారులో ఉన్నారని. నాలుగోది తల ఎత్తులో ఫాస్ట్‌బాల్ వేస్తాడు. వదిలేశారు. ఐదోది మళ్లీ స్లైడర్, ఈసారి ఇంకా కిందికి. బొటనవేలు బటన్ మీద వణికింది, కానీ నొక్కలేదు. ఇప్పుడు లెక్క మూడు బాల్స్, రెండు స్ట్రైకులు. ఇంకొకటి బయట వేస్తే మీకు బేస్ ఇచ్చేసినట్టే కాబట్టి పిచర్ పెట్టెలోకి రాక తప్పదు. ఆరోది నడుమెత్తులో ఫాస్ట్‌బాల్. ఈ ఒక్కదాని కోసమే అంతసేపూ ఆగింది. లెఫ్ట్ ఫీల్డర్‌కూ సెంటర్ ఫీల్డర్‌కూ మధ్య పడి గోడ దాకా దొర్లింది, రెండో బేస్ చేరారు.

రెండు స్ట్రైకులు అయ్యాక బ్యాట్ ఊపి ఎన్ని ఫౌల్స్ కొట్టినా, వాటిని ఎవరూ క్యాచ్ పట్టకపోతే, అవుట్ కారు. ఈ రూల్ చిన్నదే కానీ బతికించేది ఇదే: పెట్టె అంచున వచ్చే అనుమానపు బంతుల్ని అలా పక్కకు గీకుతూ పిచర్‌ను అలసిపోయేలా చేయొచ్చు.

ప్రాక్టీస్ కోసం ది షో మెనూలో కస్టమ్ ప్రాక్టీస్ ఉంది. మొదటి సాయంత్రం అక్కడ ఒక పని చేయండి: బ్యాట్ అస్సలు ఊపకుండా, వచ్చే ప్రతి బంతికీ "లోపల", "బయట" అని పైకే చెప్పండి. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి. సరిగ్గా చెప్పేవి ఎక్కువవుతున్నాయంటే బటన్ ముట్టుకోవచ్చు.

నాలుగో అడుగు: కంట్రోల్స్ ఎంచుకోవడం

ఇక్కడి నుంచి చెప్పేది ది షో గురించే. గేమ్ మొదట్లోనే మూడు శైలులు అడుగుతుంది: క్యాజువల్, సిమ్యులేషన్, కాంపిటీటివ్. క్యాజువల్ అని పెట్టుకోవడానికి మొహమాటం వద్దు. తర్వాత మార్చుకోవచ్చు.

బ్యాటింగ్‌కు ముఖ్యంగా మూడు పద్ధతులు. టైమింగ్‌లో బటన్ సరైన క్షణంలో నొక్కితే చాలు. డైరెక్షనల్‌లో దాంతోపాటు స్టిక్‌తో ఎటు కొట్టాలో సూచించవచ్చు; మిగతాది ఆటగాడి సామర్థ్యం చూసుకుంటుంది. జోన్‌లో పీసీఐ అనే చిన్న గుర్తును ఎడమ స్టిక్‌తో బంతి వచ్చే చోటికి మీరే జరపాలి. కళ్లు, వేళ్లు రెండూ ఒకేసారి పనిచేయాలి కాబట్టి మొదట్లో నరకంలా ఉంటుంది. నా సలహా: వదిలేయడం వచ్చేదాకా డైరెక్షనల్, ఆ తర్వాత జోన్. టైమింగ్ దగ్గరే ఆగిపోతే కొన్నాళ్లకు గేమ్ చప్పగా అనిపిస్తుంది.

ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో మామూలు షాట్‌కు క్రాస్, జాగ్రత్త షాట్‌కు సర్కిల్, బలమైన షాట్‌కు స్క్వేర్. జాగ్రత్త షాట్‌కు పీసీఐ పెద్దదవుతుంది, బంతి తగిలే అవకాశం ఎక్కువ, బలం తక్కువ. బలమైన షాట్‌కు చిన్నదవుతుంది. మనవాళ్లందరి వేలూ స్క్వేర్ మీదే ఉంటుంది. కొన్నాళ్లు దాన్ని మర్చిపోండి. కొట్టిన ప్రతిసారీ తెర మీద తొందరపడ్డారా, ఆలస్యమైందా, గుర్తు ఎక్కడుంది అని చిన్న పట్టీ వస్తుంది. హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టినప్పుడు కూడా దాన్ని చదవండి.

పిచింగ్‌కు మొదట క్లాసిక్ లేదా పల్స్ చాలు. పల్స్‌లో ఒక వృత్తం పెద్దదవుతూ చిన్నదవుతూ ఉంటుంది, చిన్నగా ఉన్నప్పుడు నొక్కాలి. మీటర్ దానికంటే కొంచెం కష్టం. 2021లో వచ్చిన పిన్‌పాయింట్‌లో బంతి రకాన్ని బట్టి తెర మీద చూపించే గీతను కుడి స్టిక్‌తో గీయాలి. అది వచ్చినవాడి చేతిలో బంతి అనుకున్న చోటే పడుతుంది, రానివాడి చేతిలో నడుమ మీదికే వచ్చి కూర్చుంటుంది. పద్ధతి ఏదైనా ఎత్తుగడ ఒకటే: మీరు బ్యాటింగ్‌లో ఎక్కడ మోసపోయారో అక్కడే అవతలివాణ్ని మోసం చేయండి. పైన ఫాస్ట్‌బాల్, వెంటనే కింద ఛేంజప్. ఒకే బంతి వరసగా మూడుసార్లు వేయకండి.

ఫీల్డింగ్‌లో భయపెట్టేది బంతి ఎటు విసరాలన్నదే. కంట్రోలర్ కుడివైపు నాలుగు బటన్లను ఒకసారి చూడండి. వాటి అమరిక బేస్‌బాల్ మైదానం ఆకారమే. కుడివైపు సర్కిల్ మొదటి బేస్, పైన ట్రయాంగిల్ రెండో బేస్, ఎడమవైపు స్క్వేర్ మూడో బేస్, కింద క్రాస్ హోమ్. ఎక్స్‌బాక్స్‌లో అక్షరాలు మారతాయి కానీ స్థానాలు అవే. ఇది ఒకసారి బుర్రకెక్కితే బటన్ల వైపు చూడాల్సిన పనే ఉండదు. పరుగెత్తడం మాత్రం మొదట్లో ఆటోలో పెట్టేయండి. గాల్లో లేచిన బంతి పట్టుబడితే రన్నర్ వెనక్కి వచ్చి బేస్ తొక్కాలన్న రూల్ అలవాటయ్యేదాకా మీరు వేలు పెడితే అనవసరపు అవుట్లు పడతాయి.

కష్టం స్థాయి రూకీతో మొదలుపెట్టి వెటరన్‌కు వెళ్లండి. డైనమిక్ అని ఒకటి ఉంది, అది మీ ఆటను చూసి తనే పెంచుతుంది, తగ్గిస్తుంది. అది పెట్టుకుంటే ఇంకా మేలు.

ఐదో అడుగు: మోడ్‌లు, ఏ వరుసలో

ఎగ్జిబిషన్ అంటే ఒక్క మ్యాచ్. తొమ్మిది ఇన్నింగ్స్ ఆడితే ముప్పావు గంట పట్టొచ్చు, కాబట్టి మూడు ఇన్నింగ్స్‌కు తగ్గించుకోండి. రెండో కంట్రోలర్ ఉంటే దసరాకు ఇంటికొచ్చే బావమరుదులతో ఆడుకోవడానికి బాగుంటుంది. పండగ జనానికి దీనికన్నా హోమ్ రన్ డర్బీ ఇంకా నయం: రూల్స్ చెప్పే పని లేదు, ఎవరు ఎక్కువ కొడితే వాళ్లు గెలిచినట్టు.

ఆ తర్వాత వెళ్లాల్సింది రోడ్ టు ది షోకే. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు. ఒక కుర్రాణ్ని తయారుచేసి, కింది స్థాయి లీగ్ నుంచి పెద్ద లీగ్ దాకా తీసుకెళ్లాలి. 2024 నుంచి అమ్మాయి పాత్రతో కూడా ఆడొచ్చు. 2025 ఎడిషన్‌లో కథ స్కూలు, కాలేజీ రోజుల నుంచే మొదలవుతుంది. అసలు సుఖం ఏమిటంటే, మ్యాచ్ మొత్తం ఆడక్కర్లేదు. మీ కుర్రాడి బ్యాటింగ్ వంతులు, వాడి వైపు వచ్చే బంతులు మాత్రమే మీ చేతికి వస్తాయి. రాత్రి అన్నం తిన్నాక పావుగంటలో ఒక మ్యాచ్ అయిపోతుంది. మ్యాచ్‌కు నాలుగైదు వంతులే దొరుకుతాయి కాబట్టి ఒక్కో బంతిని జాగ్రత్తగా చూడటం అలవాటవుతుంది. ఫీల్డింగ్ పొజిషన్ అడిగినప్పుడు సెకండ్ బేస్ గానీ, గోడ వైపు ఉండే అవుట్‌ఫీల్డ్ గానీ తీసుకోండి. పిచర్‌ను ఎంచుకుంటే మ్యాచ్‌లో చాలా భాగం మీ నెత్తి మీదే పడుతుంది. క్యాచర్ జోలికి ఇప్పుడే వద్దు.

2019లో వచ్చిన మార్చ్ టు అక్టోబర్ ఉద్యోగస్తుల మోడ్. ఒక్కో జట్టు సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అన్నీ ఆడాలంటే పొద్దున షాప్ తెరిచి రాత్రి మూసేవాడికి ఏడాది సరిపోదు. ఇందులో సీజన్‌ను కుదించి, కీలక ఘట్టాలే ఇస్తారు. ఏడో ఇన్నింగ్స్, ఒక పరుగు వెనకబడి ఉన్నారు, రెండు బేస్‌ల మీద మనవాళ్లు. అక్కడ దింపుతారు. గెలిస్తే జట్టుకు ఊపు వచ్చి తర్వాతి మ్యాచ్‌లు కూడా కలిసొస్తాయి, ఓడితే దిగజారుతుంది. టెన్షన్ బాగానే ఉంటుంది. ఓపికను నేర్పే విషయంలో మాత్రం రోడ్ టు ది షో తర్వాతే ఇది.

స్టోరీలైన్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2023 ఎడిషన్‌లో నీగ్రో లీగ్స్ కథలతో ఇది మొదలైంది. నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వని కాలంలో వాళ్లు సొంత లీగులు పెట్టుకున్నారు; రూబ్ ఫోస్టర్ 1920లో కాన్సాస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్‌ను స్థాపించాడు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగడంతో ఆ గోడ బద్దలైంది. ఈ కథల్ని కాన్సాస్ సిటీలోని నీగ్రో లీగ్స్ మ్యూజియం అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్ తన నోటితో చెప్తాడు. ముసలాయన అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్తున్నట్టే ఉంటుంది, మధ్యమధ్యలో ఆ ఘట్టాన్ని మనమే ఆడాలి. మగవాళ్ల సరసన ఆడిన టోనీ స్టోన్ కథ, జాష్ గిబ్సన్ కథ 2024లో వచ్చాయి. అదే ఏడాది మే నెలలో మేజర్ లీగ్ ఆ లీగుల గణాంకాలను తన రికార్డుల్లో కలపడంతో, .372 సగటుతో (సుమారుగా వెయ్యి వంతులకు 372 హిట్లన్న లెక్క) గిబ్సన్ కెరీర్ బ్యాటింగ్ పట్టికలో టై కాబ్‌ను దాటి మొదటి స్థానానికి వచ్చాడు. ఊరి బయట నిలబెట్టడమంటే ఏమిటో తెలిసిన నేల మనది. ఈ కథలు మన దగ్గర ఎవరికీ అర్థం చేయించాల్సిన పని ఉండదు. నా లెక్కలో ఈ సిరీస్ చేసిన అన్నిటికంటే మంచి పని ఇదే, ఆటగా కూడా కొత్తవాళ్లకు సులువు.

ఫ్రాంచైజ్ అంటే జట్టును నడిపేవాడి కుర్చీ. 30 జట్లలో ఒకటి తీసుకుని ఏళ్ల తరబడి నడపాలి. ఐపీఎల్ బుర్రతో వెళ్తే మొదట తికమక పడతారు: ఇక్కడ వేలం లేదు, పర్సుకు గట్టి పరిమితీ లేదు. హద్దు దాటి జీతాలిస్తే లగ్జరీ ట్యాక్స్ పడుతుంది, అంతే. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే చోట, కుర్రాళ్లను తీసుకుని కింది స్థాయి మైనర్ లీగ్‌లో పెంచాలి. పెద్ద లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండేదాకా ఆటగాడు జట్టు చేతిలోనే ఉంటాడు కాబట్టి మంచి కుర్రాడు దొరికితే చవగ్గా చాలాకాలం వాడుకోవచ్చు. మొదటి సీజన్‌లో వారానికి ఒక మ్యాచ్ ఆడి మిగతావి సిమ్యులేట్ చేయండి, అంటే కంప్యూటర్‌తోనే ఆడించేయండి. పేరున్న పెద్ద జట్టు తీసుకోకండి, చేయడానికి పనేమీ ఉండదు.

ఇక డైమండ్ డైనస్టీ. జేబుకు చిల్లు పెట్టేది ఇదే. ఆటగాళ్ల కార్డులు సేకరించి జట్టు కట్టాలి. రేటింగ్ 85 లేదా ఆపైన ఉంటే డైమండ్, 80 నుంచి 84 గోల్డ్, దాని కింద సిల్వర్, బ్రాంజ్, కామన్. కొనుగోళ్లకు స్టబ్స్ అనే గేమ్ డబ్బు వాడతారు. ఆడి సంపాదించుకోవచ్చు, అసలు డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. అసలు డబ్బు ఒక్క రూపాయి కూడా పెట్టకండి. పెట్టకుండానే మంచి జట్టు తయారవుతుంది, ఈ సిరీస్‌కు ఉన్న మంచి పేర్లలో అదొకటి. పైగా ఈసారి కట్టిన జట్టును మామూలుగా వచ్చే ఏడాది ఎడిషన్‌కు తీసుకెళ్లలేరు.

సంపాదన వరుస ఇలా పెట్టుకోండి. ముందు మొమెంట్స్: ‘ఈ బ్యాటర్‌తో ఒక హిట్ కొట్టు’ లాంటి చిన్న పనులు. తర్వాత కాంక్వెస్ట్: మ్యాప్ మీద గళ్లు ఆక్రమిస్తూ కంప్యూటర్‌తో మూడు ఇన్నింగ్స్ మ్యాచ్‌లు. కొన్ని గళ్ల కింద ప్యాకులు (లోపల ఏ కార్డులున్నాయో ముందు తెలియని కట్టలు) దాచి ఉంటాయి. ఆ తర్వాత మినీ సీజన్స్: కంప్యూటర్ జట్లతో చిన్న సీజన్. ఎప్పుడూ ప్యాకులు కొనకండి, కావాల్సిన కార్డును మార్కెట్లో సూటిగా కొనుక్కోండి. మార్కెట్లో అమ్మితే పది శాతం కోత పడుతుందని గుర్తుంచుకోండి. 1,000కి కొన్న కార్డును 1,100కి అమ్మితే చేతికొచ్చేది 990. లాభం వచ్చిందనుకుంటారు, పది స్టబ్స్ పోయాయి. దాదాపు 1,112 దగ్గరే లాభం మొదలు. మిర్యాలగూడ మార్కెట్‌లో కమీషన్ లెక్కలు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు: కంప్యూటర్‌తో ఆడుతున్నా ఈ మోడ్‌కు ఇంటర్నెట్ ఉండాల్సిందే. నెట్ ఊగిసలాడే చోట మూడో ఇన్నింగ్స్‌లో బయటపడితే కడుపు మండుతుంది.

మనుషులతో ఆన్‌లైన్ పోటీ చివర పెట్టుకోండి. అక్కడ ఆడేవాళ్లలో ఎక్కువమంది అమెరికాలో ఉంటారు. న్యూయార్క్‌లో వేసవి సాయంత్రం ఏడు గంటలంటే మనకు తెల్లవారుజాము నాలుగున్నర. లేచి కూర్చున్నా అంత దూరం నుంచి సిగ్నల్ వచ్చేసరికి బంతి తడబడుతుంది. 0.4 సెకను ఆటలో అది చిన్న విషయం కాదు. ఓడితే మనసులో పెట్టుకోకండి.

ఆరో అడుగు: గేమ్ నాణ్యతను తేల్చుకోవడం

బొమ్మలు చూసి మార్కులు వేసేయకండి. నేను ముందు చూసేది, వదిలేయడానికి గేమ్ విలువ ఇస్తుందా అన్నది. వెటరన్ స్థాయి మీద ఒక మ్యాచ్, దాని పై స్థాయి ఆల్-స్టార్ మీద ఒక మ్యాచ్ ఆడి చూడండి. కింది స్థాయిలో కంప్యూటర్ పిచర్ పెట్టెలోకే వేస్తుంటాడు. పైస్థాయిలో రెండు స్ట్రైకులు పడగానే బయటికి లాగడం మొదలుపెడితే, మీరు వదిలేస్తుంటే దారి మార్చుకుంటే, అది మంచి గేమ్. వేగం పెంచి కష్టం చేశామనుకునే గేమ్ నాసిరకం. ది షో ఈ పరీక్షలో నెగ్గుతుంది. సూపర్ మెగా కూడా నెగ్గుతుంది, అదే ఆశ్చర్యం.

రెండో పరీక్ష మైదానాలు. క్రికెట్లో బౌండరీ కాస్త అటూఇటూ జరుగుతుంది, అంతే. ఇక్కడ ప్రతి స్టేడియం గోడలు వేరు. బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో లెఫ్ట్ ఫీల్డ్ గోడ దగ్గరగా ఉంటుంది కానీ 37 అడుగుల ఎత్తు. వేరే చోట హోమ్ రన్ అయ్యే బంతి దానికి కొట్టుకుని కింద పడుతుంది. వేరే చోట మామూలు క్యాచ్ అయ్యే ఎత్తు బంతి దాన్ని దాటిపోతుంది. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన, బంతి ఇంకా దూరం పోతుంది. ఈ రెండు చోట్లా తలో మ్యాచ్ ఆడి తేడా మీ చేతికి తెలుస్తుందో లేదో చూడండి. ది షోలో తెలుస్తుంది.

లోపాలు కూడా ఉన్నాయి. ఫీల్డర్ బంతి వైపు పరిగెడుతూ ఒక కదలికలో ఇరుక్కుపోయి, మనం స్టిక్ తిప్పినా వినడు. బంతిని చక్కగా కొట్టినా సూటిగా ఫీల్డర్ చేతుల్లోకి, చెత్తగా కొట్టినా ఖాళీలోకి పోయే సందర్భాలు వస్తాయి. అసలు బేస్‌బాల్‌లోనూ అంతే అని సర్దిచెప్తారు, కొన్నిసార్లు నాకు అది నమ్మబుద్ధి కాదు. కామెంటరీ కొన్ని వారాల తర్వాత అరిగిపోయిన క్యాసెట్టే. ఫ్రాంచైజ్‌లో ఏటా కొత్తగా కనిపించేది కొంచెమే. స్విచ్‌లో ఆట అదే అయినా బొమ్మ బాగా దిగజారుతుంది, జేబులో పట్టే సౌకర్యానికి కట్టే ధర అది.

ఏటా మార్పులు ఇంత కొంచెంగా ఉండటానికి కారణం వెతకడం కష్టం కాదు. 2005లో ఈఏ అనే గేమ్ కంపెనీ తెచ్చిన ఎంవీపీ బేస్‌బాల్‌ను అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. తర్వాత ఈఏ ఆ బరిలోంచి తప్పుకుంది. 2కే అనే మరో కంపెనీ బేస్‌బాల్ సిరీస్ 2013 ఎడిషన్‌తో ఆగింది. అప్పటి నుంచి అసలు జట్లతో సీరియస్‌గా ఆడే కన్సోల్ బేస్‌బాల్‌లో ది షోకు గట్టి పోటీ లేదు. ఊళ్లో ఒక్కటే హోటల్ ఉంటే సాంబార్ రుచి ఎందుకు మారుతుంది?

అందుకే ప్లేస్టేషన్ 4 వాళ్లు 24తో ఉన్నా నష్టం లేదన్నాను. కొత్త కన్సోల్ ఉన్నవాళ్లు కూడా ఏటా కొనక్కర్లేదు, రెండు మూడేళ్లకోసారి చాలు. కొనేటప్పుడు సీజన్ మొదలయ్యే మార్చిలో పూర్తి ధర పెట్టొద్దు. అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ (ఆ లీగ్ ఫైనల్) నాటికి అదే గేమ్ డిస్కౌంట్‌లోకి రావడం మామూలే. డైమండ్ డైనస్టీ మీద మోజున్నవాళ్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, ఆలస్యంగా కొంటే ఆ జట్టుతో ఆడుకునే నెలలు తగ్గిపోతాయి. రోడ్ టు ది షో, స్టోరీలైన్స్, ఫ్రాంచైజ్ కోసం అయితే ఆగి, తగ్గాకే కొనండి.